ఆమె చేతి పొర

ఆ పొర ఆమె చేతిలో తప్ప మరెవరి చేతిలోనూ పలకదన్నది ఆ పరిశోధనాలయంలో అందరూ నమ్మిన మాట. ఆమె అంటే గిట్టేవాళ్ళు దాన్ని హస్తవాసి అన్నారు. గిట్టనివాళ్ళు చేతివాటం అన్నారు. భర్త కన్నుమూసే ముందు ఆమె చెవిలో ఏదో మర్మం చెప్పి పోయాడని మాత్రం రెండు పక్షాలవాళ్ళూ ఒప్పుకున్నారు. అందుకు రుజువు కూడా చూపేవాళ్ళు. ఆయన బతికున్నంత కాలం అదే గదిలో, అదే గాజు పలక మీద, అదే ద్రావణంతో పోసిన పొర అంతంత మాత్రంగానే పనిచేసింది. ఆయన పోయిన కొద్ది వారాలకే అంకెలు ఎగబాకాయి. మనిషి పోతూ పోతూ రహస్యం చెప్పి పోయాడన్న కథ వినడానికి ఎంత సొంపుగా ఉంటుందంటే, దాన్ని పరీక్షకు పెట్టాలని ఎవరికీ తోచదు. పరీక్షలు చేయడమే వృత్తిగా ఉన్నవాళ్ళకైనా సరే.

కిందటి వారం ఆ కథ అడ్డం తిరిగింది. విచారణ సంఘం పెద్దలు, పైఅంతస్తు పరిశోధకులు బల్ల చుట్టూ మూగి మెడలు చాచి చూస్తుండగా ఆమె తన పొరను కడిగి, తుడిచి, మీటరుకు తగిలించింది. అంకె సగం దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవరో నవ్వు దాచుకున్నారు. ఆమె ఇంతకాలం ప్రకటించిన అంకెలు కల్పితాలని ఫిర్యాదు చేసిన మనిషి ఆ గుంపులోనే, తలుపు పక్కన, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అతను ఆమెకు స్వయానా మరిది.

సంఘం అధ్యక్షుడు పదవీ విరమణ చేసిన పాత రసాయనశాస్త్రవేత్త. ఎవరేం చెప్పినా "తూచారా?" అని అడగడం అలవాటు కావడంతో ఆయనకు త్రాసు మాస్టారనే పేరు స్థిరపడింది. ఆయన ఆమెకు మరొక అవకాశం ఇచ్చాడు. ఆ అవకాశం ఈ రోజే, మధ్యాహ్నం. ఈసారీ అంకె రాకపోతే ఆమె ఫలితాలన్నీ అబద్ధాలని నమోదవుతాయి. గదికి తాళం పడుతుంది. ఆ తర్వాత ఆమె ఏ పరిశోధనాలయం గడప తొక్కినా ఆ మచ్చ ఆమెకంటే ముందే లోపలికి వెళ్ళి కూర్చుంటుంది.

ఉదయం ఆమె ఎప్పటిలాగే గది తెరిచింది. దుమ్ము పడుతుందని కిటికీలు మూసే ఉంచుతుంది. గాజు పలక మీద నిన్న పోసిన పాలిమర్ ద్రావణం ఆరి, ఉల్లిపొరంత పలచగా, లేత పసుపు రంగులో మెరుస్తోంది. అంచు దగ్గర నాలుగు చుక్కల నీళ్ళు వేసి, గోటితో మీటి, పొరను పలక నుంచి వలిచింది. ఎక్కడా చిరగకుండా వచ్చింది. ఒకప్పుడు అలా వచ్చినప్పుడల్లా వెనకనుంచి "భేష్" అని వినపడేది. ఇప్పుడు పొర నీళ్ళలోకి జారిన చప్పుడొక్కటే.

ఈ పొర చేయవలసిన పని చెప్పుకోవడానికి చిన్నదే. ఇంధన ఘటంలో ఒకవైపు నీళ్ళు కలిపిన మెథనాల్, మరోవైపు మామూలు గాలి, మధ్యలో పొర. గాలివైపు పుట్టిన హైడ్రాక్సైడ్ అయాన్లు పొరను దాటి మెథనాల్‌ను చేరితేనే విద్యుత్తు పుడుతుంది. క్షారంలో నడిచే ఘటం కనుక ఉత్ప్రేరకంగా ప్లాటినమే కావాలన్న పట్టింపు లేదు; ప్లాటినం జమీందారు చేసే పనిని నికెల్ పనివాడు చేసిపెడతాడు. పొగ లేకుండా, చప్పుడు లేకుండా, ఏ మారుమూల ఆసుపత్రిలోనో మందుల పెట్టెను చల్లగా ఉంచగల యంత్రం చౌకలో తయారవుతుంది. ఆ నికెల్ పని మరిదిది, పొర పని వదినది. ఇద్దరినీ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి పని చేయించిన మనిషి ఇప్పుడు లేడు. ఆయన పోయాక బృందం మొత్తం పైఅంతస్తులోని కొత్త హాలుకు మారిపోయింది. ఆమెను రమ్మన్నారు. ఇక్కడే బాగుందని అంది. రెండోసారి ఎవరూ పిలవలేదు.

ఆమె పొరలోంచి సన్నని పట్టీ కత్తిరించి, క్షారంలో నానబెట్టి, నీళ్ళలో కడిగి, కాగితంతో అద్ది, తీగల చట్రంలో బిగించింది. పొర అయాన్లను ఎంత బాగా మోస్తుందో అంకెలో చూపే మీటరు పై అరలో ఉంటుంది. చత్వారం వచ్చాక దూరంగా జరిగి నిలబడితేనే ఆమెకు అంకె కనపడుతుంది. జరిగి చూసింది. పొర పలికింది. ఎప్పటిలాగే, నిండుగా.

ఆమెకు సంతోషం కలగలేదు. సాక్షి లేని చోట నిజం చెప్పే పొరతో ఏం చేసుకోవాలి?

తలుపు మీద వేళ్ళ చప్పుడయింది.

"లోపలికి రావచ్చా, మేడమ్?"

మరిది గొంతు. నిన్న సాయంత్రం నుంచి వాడని గొంతును ఆమె ఒకసారి సవరించుకోవలసి వచ్చింది.

"వదినా అనే మాట పైఅంతస్తులో మరిచిపోయి వచ్చావా?"

అతను లోపలికి వచ్చి తలుపు వేశాడు. చేతిలో మూత బిగించిన ప్లాస్టిక్ సీసా ఉంది. కూర్చోమని ఆమె అనలేదు. అతనూ కూర్చోలేదు.

"మధ్యాహ్నం వాళ్ళు వస్తారు. అంతకుముందే మీతో ఒక మాట..."

"నేను కాపురానికి వచ్చిన నాటినుంచీ నువ్వు నన్ను నువ్వనే అన్నావు. ఫిర్యాదు చేశాక మీరయ్యానా? చాలా మర్యాద నేర్పిస్తున్నారే నీకు పైన."

అతని మొహం ముడుచుకుంది. "ఎగతాళి తర్వాత చేద్దువు గాని. నా పరిస్థితి తెలుసా నీకు? నీ అంకె నమ్మి ఘటం మొత్తం దాని చుట్టూ కట్టాను. పొర ఇంత మోస్తుందని నువ్వన్నావు. మా ల్యాబు పిల్లలు అదే పొర పోశారు, అదే పట్టీ కోశారు. సగం కూడా రాలేదు. లోపం నా నికెల్‌లో ఉందని అందరూ నన్ను ఆడిపోసుకుంటున్నారు. నేనేం చెయ్యను చెప్పు?"

"వచ్చి అడగాల్సింది."

"అడిగితే చెప్పేదానివా?"

"ఏం చెప్పాలి?"

"అన్నయ్య నీకు చెప్పింది." అతను గొంతు తగ్గించాడు. "నాకు తెలుసు వదినా, ఆ రోజు ఆసుపత్రిలో నన్ను బయటికి పంపి నీతో ఏదో చెప్పాడు. తలుపు అద్దంలోంచి చూశాను. పెదవులు కదిలాయి."

ఇంత చదివిన మనిషి, తన కళ్ళముందు పెరిగినవాడు, ఇంతకాలం ఈ అసూయను మోసుకు తిరుగుతున్నాడన్న సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"ఫ్యాను తగ్గించమన్నారు," అంది. "తగ్గించాను."

"అంతేనా?"

"అంతే. ఇంకేదైనా చెప్పి ఉంటే బాగుండునని నీకంటే నాకే ఎక్కువ కోరిక."

అతను నమ్మలేదు. నమ్మలేదని మొహమే చెప్పింది. చేతిలోని సీసా బల్ల మీద పెట్టాడు. "ఇది నా క్షారం. నేనే కలిపాను. నీ తొట్టిలో ఏముందో నాకు తెలీదు కనుక తెచ్చాను."

ఆమెకు కోపం వచ్చింది. చాలాకాలం తర్వాత వచ్చిన కోపం కాబట్టి కాస్త హాయిగా కూడా అనిపించింది.

"సరే. నీ క్షారం, నీ నీళ్ళు, నీ చేతులు. పొర మాత్రం నాది, ఇదిగో, ఇప్పుడే వలిచింది. నువ్వే కడుగు, నువ్వే బిగించు. హస్తవాసి అయితే నీ చేతిలో చచ్చిపోవాలిగా, చూద్దాం. నేను ఇక్కడ ఉండను. ఉంటే కనుసైగ చేశానంటావు."

ఆమె బయటికి వచ్చి తలుపు లాగింది.

కారిడార్ పొడవునా మూసిన తలుపులే. వాటి మీద మారిపోయిన వాళ్ళ పేర్ల పలకలు ఊడదీసిన చోట గోడరంగు వేరుగా, కొత్తగా కనిపిస్తోంది. పైనుంచి కుర్చీలు జరిపిన చప్పుళ్ళు, నవ్వులు లీలగా వస్తున్నాయి. ఆమె మెట్ల దగ్గర పిట్టగోడకు ఆనుకుంది. ఈ మెట్లు ఎక్కితే పైన ఇరవైమంది ఉన్నారు. ఎక్కకపోవడానికి కారణం అలకా, అభిమానమా, పాత గదిలో ఆయన మాట వినిపిస్తుందన్న భ్రమా అని తనను తాను నిలదీసుకుంది. భ్రమల మీద ఆమెకు నమ్మకం లేదు. అయినా ఎక్కలేదు.

తలుపు తెరుచుకుంది. మరిది బయటికి రాలేదు. గడపలో నిలబడి ఆమెను ఏమని పిలవాలో తోచక, "ఇలా రా," అన్నాడు.

మీటరు మీద అంకె ఆమె ఉదయం చూసిన అంకెకు ఏమాత్రం తీసిపోలేదు.

"ఇదెలా?" అన్నాడు అతను. సంతోషం, భయం కలిసిన గొంతు. "నా చేత్తో వచ్చింది. నా క్షారంతో వచ్చింది."

"అభినందనలు. నీకూ చెవిలో ఎవరో చెప్పారన్నమాట."

"ఆగు, ఆగు. అయితే పొరలో ఏదో కలిపావు. అదీ కాదు, ఇలాంటి పొరే వారం కిందట మా అందరి ముందూ చచ్చిపోయింది... ఇంకొకటి కోస్తాను. నువ్వు ఇక్కడే ఉండు. నువ్వూ చూడు."

ఆమె చూసింది. అతను పట్టీ కోసి, నానబెట్టి, కడిగి, కాగితం మీద పరిచి అద్దుతున్నాడు. ఆమె ఎదురుగా బల్ల మీద మోచేతులు ఆన్చింది. అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"ఫిర్యాదు చేసే ముందు ఒక్కసారి ఇంటికి రావడానికి నీకేం అడ్డొచ్చింది?"

అతను తల ఎత్తలేదు. "మొహం చెల్లలేదు."

"అంతకుముందు చెల్లింది కదా. అప్పుడూ రాలేదు."

"వస్తే అన్నయ్య కుర్చీలో కూర్చోవాలా, వద్దా అని..." పట్టీ మీదికి వంగి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఆగిపోయాడు. "నాకు రావడం చేతకాలేదు వదినా. నువ్వు మాట్లాడకుండా కూర్చుంటావు, నేను మాట్లాడకుండా కూర్చుంటాను. ఆ నిశ్శబ్దం కంటే పైన గోలే నయమనిపించింది."

"నాకూ గోలే నయం. ఎవరు చేస్తారు?"

"పిలిస్తే వచ్చేవాడిని."

"పిలవకపోయినా వచ్చేవాళ్ళని చుట్టాలంటారు. పిలిస్తే వచ్చేవాళ్ళని ప్లంబర్లంటారు."

అతను నవ్వేశాడు. ఆమె కూడా. ఆ చిన్న పట్టీకి అటు ఒకరు, ఇటు ఒకరు వంగి, పాత తగాదాలన్నీ ఒక్కొక్కటే బయటికి తీశారు: ఎవరు ఎవరిని ఎప్పుడు ఏమన్నారో, ఆసుపత్రిలో ఎవరు ఎవరికి చెప్పకుండా ఏడ్చారో. అతను మాట్లాడుతూనే పట్టీని చట్రంలో బిగించాడు. తిట్టుకోవడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండటం ఎంత సుఖమో ఆమె మరిచిపోయి ఉంది.

అతనే ముందు మీటరు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

అంకె సగానికి కాస్త పైన నిలబడి, వాళ్ళు చూస్తుండగానే ఇంకొంచెం కిందికి జారింది.

"ఏం చేశావు?" అన్నాడు.

"నేను ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదు. చూశాను. మరి?"

ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. పొర అదే. క్షారం అదే. చేతులు కూడా అవే. ఇందాకటికీ ఇప్పటికీ మారింది ఒక్కటే. ఆమె అరలోంచి సున్నం సీసా దించి, నీళ్ళలో కలిపి, వడకట్టి, గాజులా తేరిన సున్నపు తేటను రెండు చిన్న గిన్నెల్లో పోసింది. ఒకటి గది అవతలి మూల బీరువా మీద పెట్టింది. రెండోది ఇందాక పట్టీ ఉన్న చోట, అతని ముందు.

"దీని మీదికి వంగి మాట్లాడు."

"ఏం మాట్లాడాలి?"

"ఇందాకటిలాగే. నన్ను తిట్టు."

తిట్టమంటే అతనికి తిట్లు రాలేదు. చివరికి తన నికెల్ ఉత్ప్రేరకం గురించి మొదలుపెట్టాడు. అది మొదలుపెడితే అతన్ని ఆపడం కష్టం. కాసేపటికి గిన్నెలోని తేట మీద పలుచని తెల్లటి మీగడ కట్టింది. మూల ఉన్న గిన్నెలో తేట తేటగానే ఉంది.

అతను మాట మధ్యలో ఆగాడు. బడిలో సన్నని గొట్టంతో ఊది సున్నపు తేటను పాలలా మార్చని పిల్లలు ఉండరు. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, క్షారాన్ని కార్బొనేట్‌గా మార్చేస్తుందని, పొరలోని చురుకైన హైడ్రాక్సైడ్ స్థానంలో ఆ మందకొడి కార్బొనేట్ వచ్చి కూర్చుంటుందని ఈ రంగంలో అడుగుపెట్టిన ప్రతివారికీ తెలుసు. అందుకే ఘటంలోకి పంపే గాలిని సున్నం నింపిన జాడీగుండా వడకట్టి మరీ పంపుతారు.

"యంత్రానికి వెళ్ళే గాలిని వడకట్టాం," అన్నాడు అతను మెల్లగా. "బల్ల మీది గాలి సంగతి?"

"కడగడానికీ బిగించడానికీ మధ్య ఆ కాస్త సేపు లెక్కలోకి రాదని మీ అన్నయ్య అన్నారు. ఆయన అన్నారు కనుక నేను మళ్ళీ చూడలేదు. నువ్వూ చూడలేదు."

"పైన హాల్లో ఇరవైమందిమి. కిటికీలు బిగించి, ఏసీ వేసుకుని, ప్రతి పట్టీ మీదికీ నలుగురం వంగి..." అతను తల పట్టుకున్నాడు. మరుక్షణం తలెత్తాడు, కళ్ళు మెరుస్తున్నాయి. "అంటే నా నికెల్‌లో దోషం లేదు."

"లేదు. మీ పిల్లలు పోసిన పొరలోనూ లేదు."

"అంటే నీ పొర..."

"మీ పొర లాంటిదే. అది ఆయన ఉన్నప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. నేను బాగుచేసింది ఏమీ లేదు."

అతనికి ఆ మాటలో ఉన్న బరువు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఈ అంకెల మీదనే ఆమెకు పేరు వచ్చింది. దేశాంతరాల సదస్సుల్లో ఆమె పొర గురించి మాట్లాడారు. దొంగ కాదని తేలిన క్షణంలోనే, గొప్పదీ కాదని తేలుతుంది.

"వదినా, ఒక పని చేద్దాం," అన్నాడు గబగబా. "గాలి సంగతి ఇవాళ ఎత్తొద్దు. ఊపిరి తగలకుండా నైట్రోజన్ నింపిన పెట్టె ఒకటి తెప్పిస్తాను, పట్టీ దాంట్లోనే బిగిద్దాం. అంకె వస్తుంది. ఫిర్యాదు నేను వెనక్కి తీసుకుంటాను. నీ పొర నీ పొరగానే ఉంటుంది. ఎవరికీ తెలియాల్సిన అవసరం లేదు."

"నీకు తెలుసు."

"నేను పరాయివాణ్ణా?"

ఈ మాట కోసం ఆమె ఎన్నాళ్ళు ఎదురుచూసిందో అతనికి తెలియదు. ఇంత చెడ్డ సమయంలో వస్తుందని ఆమె అనుకోలేదు. ఒప్పుకుంటే పేరు మిగులుతుంది, గది మిగులుతుంది, వారానికోసారైనా తలుపు తట్టే మనిషి మిగులుతాడు. ఇద్దరి మధ్యా ఒక రహస్యం ఉంటుంది. చుట్టరికాలకు అంతకంటే గట్టి ముడి ఏముంది?

కారిడార్‌లో అడుగుల చప్పుడు మొదలైంది. అనుకున్న వేళకంటే ముందే వస్తున్నారు.

"ఏం చెబుతావు?" అన్నాడు మరిది.

ఆమె వెళ్ళి తలుపు సగం తెరిచి అడ్డంగా నిలబడింది. ముందు త్రాసు మాస్టారు, ఆయన వెనక సంఘం సభ్యులు, వాళ్ళ వెనక పైఅంతస్తు నుంచి తమాషా చూడటానికి దిగివచ్చిన జనం.

"అక్కడే ఆగండి, మాస్టారూ. లోపలికి ఎవరూ రావద్దు."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "రాకపోతే మీరేం చేస్తున్నారో మేమెలా చూడాలమ్మా?"

"మీరు దగ్గరికొచ్చి చూస్తే పొర చెడుతుంది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇలాంటి మాట మంత్రగాళ్ళ దగ్గర వింటామే గాని ప్రయోగశాలలో వినమని మరొకరు గొణిగారు. త్రాసు మాస్టారు నవ్వలేదు.

"చూస్తే చెడేదాన్ని నేను నా సర్వీసులో ఎప్పుడూ నమ్మలేదు. మీ మీద గౌరవంతో అడుగుతున్నాను, ఇవాళైనా చెప్పండి. ఆయన చివరి రోజున మీకేం చెప్పారు?"

గదిలోంచి మరిది "వదినా" అన్నాడు, ఆపమన్నట్టు. ఆమె వెనక్కి చూడలేదు.

"ఏమీ చెప్పలేదండీ. ఈ పొరలో నా గొప్పా లేదు, ఆయన రహస్యమూ లేదు. ఊపిరి తగిలితే ఇది చెడుతుంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇద్దరం దీని మీదికి వంగి మాట్లాడుకుంటూ పనిచేశాం. ఆయన పోయాక ఈ గదిలో నాతో మాట్లాడేవాళ్ళు లేరు."